పగలు రాయపూర్, రాత్రి విజయవాడ: శిశిర్ కుమార్ మిత్రా జీవితం, కాగితాలు

భిలాయ్ క్యాంప్ 2లో పెరిగిన పెద్దవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఒకప్పుడు ట్రాన్సిస్టర్ రేడియో పగలు ఒక ఊరిది, రాత్రి మరో ఊరిది. పొద్దున్న లేస్తే రాయపూర్ కేంద్రం హిందీలో పలికేది. చీకటిపడి వంటలవేళ అయ్యేసరికి మీడియం వేవ్ మీద విజయవాడ, విశాఖపట్నం మెల్లగా పైకి తేలేవి. మధ్యమధ్య గొంతు సన్నగిల్లిపోయేది, ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ పుంజుకునేది. ఉక్కు కర్మాగారం కడుతున్న 1950ల చివరి రోజుల్లో పనివాళ్ల కోసం వేసిన క్యాంపులివి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు ఆ రాత్రి కార్యక్రమాలు ఎంత ఆప్తమైనవో వేరే చెప్పక్కర్లేదు. సెట్టును ఏ దిక్కుకు తిప్పితే బాగా వినిపిస్తుందో ప్రతి ఇంట్లోనూ ఒకరికి తెలిసేది. పగలెందుకు వినిపించదో మాత్రం చెప్పగలిగినవారు తక్కువ.

ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది: విజయవాడ ఇక్కడికి తిన్నగా కొలిస్తే 500 కిలోమీటర్లకు పైనే. రేడియో తరంగాలు కాంతిలాగే సరళరేఖలో పోతాయని మీరు పాఠ్యపుస్తకంలో చదువుకున్నారు. భూమి గుండ్రంగా ఉంది. 500 కిలోమీటర్ల దూరంలోని రెండు ఊళ్ల మధ్య భూమి ఎంత ఉబ్బి ఉంటుందో లెక్క కట్టండి. దూరం వర్గాన్ని భూవ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే చాలు: దాదాపు 5 కిలోమీటర్లు వస్తుంది. అంత ఎత్తు గుట్ట అడ్డం ఉన్నట్టే లెక్క. నేలను అంటుకుని పోయే తరంగం కొంత వంగుతుంది గాని ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతుంది. మరి పాట క్యాంప్ 2కి ఎలా చేరింది? రెండో ప్రశ్న: చేరేది రాత్రే ఎందుకు?

మొదటి ప్రశ్నకు జవాబు ఇంగ్లండులో దొరికింది. రెండో ప్రశ్నకు జవాబులో ఒక ముఖ్యమైన తునక కలకత్తాలో దొరికింది. ఆ తునకను పట్టుకున్నవాడు శిశిర్ కుమార్ మిత్రా. మన దేశంలో రేడియో భౌతికశాస్త్రం అనే చదువును నిలబెట్టిన మనిషి. జగదీశ్ చంద్ర బోస్ పేరు విన్నంతగా ఈయన పేరు మన విద్యార్థులు వినలేదు. అది సరైన లెక్క కాదని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్నను త్వరగా దాటేద్దాం. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సంకేతం అందుకున్నానని ప్రకటించాడు. మరుసటి ఏడే అమెరికాలో కెనెలీ, ఇంగ్లండులో హెవిసైడ్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, పైన ఎక్కడో విద్యుత్తును ప్రసరింపజేసే పొర ఒకటి ఉండి తరంగాన్ని కిందికి మళ్లిస్తున్నదని అన్నారు. ఉందనడం వేరు, కొలవడం వేరు. కొలత 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్, ఆయన విద్యార్థి మైల్స్ బార్నెట్ చేతుల్లో జరిగింది. బోర్న్‌మత్‌లోని బీబీసీ ప్రసారిణి చేత రాత్రి కార్యక్రమాలు ముగిశాక తరంగదైర్ఘ్యాన్ని నెమ్మదిగా మార్పించారు. ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని, నేల మీదుగా వచ్చే తరంగానికీ పైనుంచి తిరిగి వచ్చే తరంగానికీ మధ్య జరిగే వ్యతికరణాన్ని గమనించారు. బలం ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కపెడితే దారి తేడా తెలుస్తుంది, దాన్నుంచి ఎత్తు తెలుస్తుంది. అది సుమారు 90 కిలోమీటర్లు అని తేలింది. క్యాంప్ 2లో వినిపించిన ఆ హెచ్చుతగ్గులు కూడా ఇలాంటి వ్యతికరణమే. అక్కడ మనిషి కావాలని తరంగదైర్ఘ్యం మార్చాడు, ఇక్కడ పొర తనంతట తాను కదులుతున్నది. అంతే తేడా.

ఈ పొరల పేర్లకు ఒక కథ ఉంది. అది మనకు తెలిసింది పాత ఉత్తరాల వల్లనే. డి, ఇ, ఎఫ్ అన్న అక్షరాలు ఎందుకు వచ్చాయో ఆపిల్టన్ తరవాత ఒక ఉత్తరంలో వివరించాడు. తిరిగి వచ్చిన తరంగపు విద్యుత్ క్షేత్రాన్ని మొదట్లో ఇ అని రాసుకునేవాడట. ఇంకా పైనుంచి మరొకటి దొరికితే దానికి ఎఫ్ అన్నాడు. కింద ఇంకొకటి ఉండవచ్చని తోచి దానికి డి వదిలాడు. ఎ, బి, సి లను ఖాళీగా ఉంచడానికి కారణం, ఇంకా కింద ఏం దొరుకుతుందో ఎవరికి తెలుసు అన్న జాగ్రత్త. ఐనోస్ఫియర్ అన్న మాట వాట్సన్‌వాట్ 1926లో రేడియో పరిశోధన మండలికి రాసిన ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరం ఫైళ్లలో ఉండిపోయి 1969లో గాని 'నేచర్' పత్రికకెక్కలేదు. ఆపిల్టన్ చివరి పదహారేళ్లు ఎడింబరో విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉన్నాడు. ఆయన కాగితాలు అక్కడి గ్రంథాలయంలో ఉన్నాయి.

ఐనోస్ఫియర్‌ను మనం అయనావరణం అంటున్నాం. అనువాదాలు చేసే నాబోటివాళ్లకు ఇలాంటి మాట దొరకడం పండగే. ఫారడే 1834లో 'అయాన్' అన్న మాటను 'వెళ్లేది' అనే అర్థమున్న గ్రీకు ధాతువు నుంచి తీసుకున్నాడు. సంస్కృతంలో 'అయనం' అన్నా గమనమే, ఉత్తరాయణం అంటున్నామే, అదే. రెండు భాషల్లోనూ ధాతువు ఒకటే. ధ్వని కలిసింది, అర్థమూ కలిసింది.

ఇక మిత్రా విషయానికి వద్దాం. ఆయన 1890 అక్టోబరు 24న పుట్టారు. తండ్రి జయకృష్ణ బడిపంతులు. తల్లి శరత్‌కుమారి కలకత్తాలో క్యాంప్‌బెల్ వైద్య పాఠశాలలో చదివి, భాగల్పూర్‌లోని లేడీ డఫరిన్ ఆసుపత్రిలో డాక్టరుగా చేరారు. పందొమ్మిదో శతాబ్దపు చివర ఒక ఇల్లాలు వైద్యం చదివి ఉద్యోగానికి పరాయి ఊరు వెళ్లడం, కుటుంబం ఆమె వెంట వెళ్లడం చిన్న సంగతి కాదు. శిశిర్ బాల్యం, తొలి చదువు భాగల్పూర్‌లోనే సాగాయి. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో 1912లో ఎమ్మెస్సీ. తరవాత కొన్నాళ్లు భాగల్పూర్, బాంకురా కాలేజీల్లో పాఠాలు. అక్కడే ఉండిపోయి ఉంటే మంచి మాస్టారుగా పేరు తెచ్చుకుని రిటైరయ్యేవారేమో. 1916లో ఆశుతోష్ ముఖర్జీ విశ్వవిద్యాలయ సైన్సు కాలేజీకి కుర్రవాళ్లను పోగుచేస్తూ ఆయనను కూడా పిలిచారు. ఆ పిలుపులో వచ్చిన తోటివాళ్లు మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్. మరుసటి ఏడు పాలిత్ ప్రొఫెసరుగా సి. వి. రామన్ చేరారు. అలాంటి వరండా మన దేశంలో మళ్లీ ఎప్పుడైనా ఉందా అంటే చెప్పడం కష్టం.

మిత్రా రామన్ దగ్గర కాంతి వ్యతికరణం, వివర్తనం మీద పనిచేసి 1919లో డీఎస్సీ పట్టా పొందారు. 1920లో పారిస్ వెళ్లారు. సోర్బాన్‌లో ఫాబ్రీ దగ్గర రాగి వర్ణపటంలో తరంగదైర్ఘ్యాల ప్రమాణాలు కొలిచి 1923లో రెండో డాక్టరేట్ తీసుకున్నారు. కొన్నాళ్లు మేరీ క్యూరీ ప్రయోగశాలలో ఉన్నారు. అప్పుడు నాన్సీ నగరానికి వెళ్లి కామిల్ గుటన్ దగ్గర రేడియో వాల్వుల పని చూశారు. చూడగానే తన దారి ఇదేనని తేల్చుకున్నట్టుంది. కాంతిలో అంత చదువు చదివి, రెండు డాక్టరేట్లు చేతిలో ఉండి, ముప్పై రెండేళ్ల వయసులో వేరే విషయంలో మళ్లీ మొదటి మెట్టు ఎక్కడానికి సిద్ధపడ్డారు. కలకత్తాలో ఎమ్మెస్సీలో వైర్‌లెస్ ఒక పాఠ్యవిషయం కావాలని ఆశుతోష్ ముఖర్జీకి ఉత్తరం రాశారు. 1923లోనే తిరిగివచ్చి ఖైరా ప్రొఫెసరు అయ్యారు. కొద్ది కాలానికే వైర్‌లెస్ తరగతి మొదలైంది, ప్రయోగశాల లేచింది. మన దేశంలో రేడియో ప్రసారం ఇంకా కళ్లు తెరవని ఆ రోజుల్లో సైన్సు కాలేజీ నుంచి 'టూ సీ జెడ్' అన్న పిలుపు పేరుతో ప్రసారాలు చేశారు.

కాంతి చదువు వృథా పోలేదన్నది గమనించండి. ఆపిల్టన్ పద్ధతి వ్యతికరణమే కదా. రామన్ శిష్యుడికి అది కొత్త భాష కాదు.

1930ల ఆరంభంలో మిత్రా, ఆయన విద్యార్థి రక్షిత్ బెంగాల్ మీది పొరల ఎత్తు కొలవడం మొదలుపెట్టారు. అప్పటికి ఈ కొలతలన్నీ చలిదేశాలవి. సూర్యుడు నడినెత్తికి వచ్చే దేశంలో పొర ఎలా ఉంటుందో తెలియాలంటే ఇక్కడే కొలవాలి. పద్ధతి చాలా సులువైనది. చిన్న రేడియో స్పందనాన్ని పైకి పంపి ప్రతిధ్వని ఎంతసేపటికి వస్తుందో చూడాలి. 100 కిలోమీటర్ల ఎత్తు పొర అయితే రానూపోనూ 200 కిలోమీటర్లు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. కాలం సెకనులో పదిహేను వందల వంతు. 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి అయితే సెకనులో అయిదు వందల వంతు. సులువు అన్నది కాగితం మీద మాత్రమే. 1930లలో అంత చిన్న కాలాన్ని పట్టే పరికరాలు కొనుక్కోవడానికి దొరికేవి కావు, చేసుకోవలసి వచ్చేది. తరవాత యుద్ధకాలంలో దిగుమతులు ఆగిపోతే ఆ ప్రయోగశాల రేడియో వాల్వులను కూడా తానే తయారుచేయడానికి పూనుకుంది.

1935లో మిత్రా, శ్యామ్ కలిసి 'నేచర్' పత్రికకు పంపిన చిన్న లేఖ మన రెండో ప్రశ్నకు సంబంధించింది. ఇ పొరకు బాగా కింద, 60 కిలోమీటర్లకన్నా తక్కువ ఎత్తు నుంచి కూడా ప్రతిధ్వనులు వస్తున్నాయనీ, అక్కడ తరంగాలను మింగే పొర ఉన్నదనీ వారు తెలిపారు. అదే డి పొర. అక్కడ గాలి పై పొరలకన్నా చాలా చిక్కన. రేడియో తరంగం తగిలి ఊగిన ఎలక్ట్రాన్, ఆ శక్తిని తిరిగి ఇచ్చేలోగా గాలి అణువును ఢీకొంటుంది. తరంగ శక్తి వేడిగా మారిపోతుంది. మీడియం వేవ్‌కు ఈ దెబ్బ మరీ ఎక్కువ. డి పొర బతికేది సూర్యకాంతి మీద. పొద్దు గుంకగానే అక్కడి ఎలక్ట్రాన్లు చకచకా అయాన్లలో కలిసిపోయి పొర మాయమవుతుంది. అప్పుడు విజయవాడ తరంగం అడ్డులేకుండా పైకి పోయి, ఇ, ఎఫ్ పొరల దగ్గర తిరిగి భిలాయ్ మీద దిగుతుంది. పగలు అద్దం లేక కాదు, అద్దం ముందు మసిగుడ్డ ఉండి వినిపించలేదు.

మిత్రా కాగితాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపి చదివించినది మాత్రం 1946 నాటిది. అది కూడా 'నేచర్'లోనిదే, పుటన్నర మించదు. ఆ ఏడాది ఆపిల్టన్ ప్రపంచంలోని స్టేషన్ల లెక్కలు పక్కపక్కన పెట్టి ఒక వింత బయటపెట్టాడు. ఎఫ్2 పొరలో ఎలక్ట్రాన్లను పుట్టించేది ఎండ. కాబట్టి భూమధ్యరేఖ దగ్గర అవి అత్యధికంగా ఉండాలి. అక్కడ చూస్తే తక్కువ! అయస్కాంత భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన దాదాపు 15 డిగ్రీల దూరంలో రెండు గట్లలా పోగుపడి ఉన్నాయి, మధ్యలో పల్లం. పొర మీద అధికారం సూర్యుడిది ఒక్కడిదే కాదు, భూ అయస్కాంతానిది కూడా అన్నమాట.

అదే ఏడాది మిత్రా ఒక వివరణ ఇచ్చారు. అయస్కాంత భూమధ్యరేఖ మీద బాగా ఎత్తున పుట్టిన ఎలక్ట్రాన్లు, అయాన్లు తిన్నగా కిందికి దిగలేవు. విద్యుదావేశం ఉన్న కణం అయస్కాంత బలరేఖను అడ్డంగా దాటలేదు, దాని వెంటే జారుతుంది. భూమధ్యరేఖ మీద ఎత్తున ఉన్న బలరేఖలు ఇంద్రధనుస్సులా వంగి ఉత్తరాన, దక్షిణాన దిగుతాయి. కణాలు కూడా ఆ వంపుల వెంట జారి రెండు వైపులా చేరతాయి. అందుకే మధ్యలో పల్లం, పక్కల గట్లు.

ఇది చాలునా? చాలదు. అంత ఎత్తున గాలి మరీ పలచన, అక్కడ పుట్టే ఎలక్ట్రాన్లు రెండు గట్లను నింపడానికి సరిపోవు. ఆ లోటును తీర్చినది ఆస్ట్రేలియాలో మార్టిన్ మొదలుపెట్టగా 1960ల మధ్యలో ఇతరులు లెక్కలతో పూర్తిచేసిన ఆలోచన. పగటిపూట ఇ పొర ఎత్తున తూర్పు దిశగా ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర అయస్కాంత క్షేత్రం ఉత్తర దిశగా అడ్డంగా ఉంటుంది. ఈ రెండూ కలిసి కణాలను పైకి ఎత్తుతాయి. ఎత్తబడ్డవి మిత్రా చెప్పిన దారినే జారతాయి. పుష్కరిణిలో జలయంత్రం చిమ్మిన నీరు రెండు పక్కలా పడినట్టు. మిత్రా దిగుడును చూశారు, ఎత్తును చూడలేదు. సగం జవాబు అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. దిగే దారి మాత్రం ఇవాళ్టి పుస్తకాల్లోనూ ఆయన చెప్పినదే.

ఇప్పుడు పటం తీసి చూడండి. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొసను తాకుతూ పోతుంది. అక్కడినుంచి 15 డిగ్రీలు ఉత్తరానికి కొలిస్తే భోపాల్, కలకత్తా దరిదాపులకు వస్తారు. భిలాయ్ 21 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఆ గట్టు సూర్యుడి చురుకుదనాన్ని బట్టి ఉత్తర దక్షిణాలకు జరుగుతూ ఉంటుంది కాబట్టి, దాని పరిసరాల్లోనే మనం కాపురం ఉంటున్నామని చెప్పుకోవచ్చు. దీనితో పని లేదనుకోకండి. మీ ఫోనుకు దారి చూపే ఉపగ్రహ సంకేతం ఈ ఎలక్ట్రాన్ల గుండా రావాలి, వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. సూర్యుడు చురుకుగా ఉన్న కాలంలో ఆ ఆలస్యం పది పదిహేను మీటర్ల పొరపాటుకు సమానం. వీధిలో నడిచేవాడికి ఫరవాలేదు, మబ్బుల్లోంచి రన్‌వే వెతుక్కునే విమానానికి ఫరవా ఉంది. మన గగన్ వ్యవస్థను ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టినప్పుడు పెద్ద చిక్కు ఇదే. చలిదేశాలకు సరిపోయిన నమూనా ఈ గట్టు దగ్గర నిలవదు. అందుకని హైదరాబాదు, విశాఖ, రాయపూర్ వంటి చోట్ల గ్రాహకాలు పెట్టి ఎలక్ట్రాన్ల లెక్క తీసి మన నమూనా మనం చేసుకోవలసి వచ్చింది. 2013 చివర గగన్‌కు ధ్రువీకరణ లభించింది.

మిత్రా పెద్ద పని ఒక పుస్తకం: 'ది అప్పర్ అట్మాస్ఫియర్'. యుద్ధం, బెంగాల్ కరువు, అల్లర్లు నడిచిన ఏళ్లలో కలకత్తాలో కూర్చుని రాసినది. పై వాతావరణం గురించి అప్పటికి తెలిసినదంతా, ఉష్ణోగ్రత, ఓజోను, రాత్రి ఆకాశపు వెలుగు, ధ్రువకాంతులు, అయనావరణం, ఒకే చోట పేర్చి ఆరువందల పైచిలుకు పుటల్లో అందించారు. దాన్ని 1947లో వేసినది లండన్ ప్రచురణకర్త కాదు, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ. శాసనాలు, తాళపత్రాలు, పురాణాలు అచ్చువేసే సంస్థ రేడియో పుస్తకం వేసింది. రాకెట్లు అప్పుడప్పుడే పై గాలిలోకి వెళ్లడం మొదలుపెట్టిన సమయం. వెళ్లాక ఏం వెతకాలో చెప్పే పుస్తకం సిద్ధంగా ఉంది. 1952లో రెండో కూర్పు, 1955లో రష్యన్ అనువాదం వచ్చాయి. భిలాయ్ కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది కూడా 1955లోనే. రష్యన్ ఇంజనీర్లు కొలిమి పటాలు పట్టుకుని ఇటు వచ్చే ముందే, కలకత్తా మాస్టారి పుస్తకం అటు వెళ్లిందన్నమాట.

సంస్థల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1940లలో రేడియో పరిశోధన సంఘానికి మిత్రా అధ్యక్షులు. 1949లో కలకత్తా విశ్వవిద్యాలయంలో రేడియో భౌతికశాస్త్ర, ఎలక్ట్రానిక్స్ సంస్థ ఆయన చేతుల మీదుగా ఏర్పడింది. ఊరి రేడియో రొద తగలని హరిణ్‌ఘాటాలో క్షేత్రకేంద్రం వచ్చింది. 1955లో పదవీ విరమణ చేశాక పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యా మండలి పాలన చూశారు. 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1962లో జాతీయ ఆచార్య పదవి. 1963 ఆగస్టు 13న మరణించారు. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గరగా ఉందనే కారణంతో ఎంచుకున్న తుంబా నుంచి మన గడ్డ మీది మొదటి పరిశోధక రాకెట్ అదే ఏడు నవంబరు 21న లేచింది. చంద్రుడి అవతలి వైపు ఒక బిలానికి మిత్రా పేరు పెట్టారు.

తెలుగునాట ఈ చదువుకు ఇల్లు వాల్తేరు. సూరి భగవంతం శిష్యుడు బి. రామచంద్రరావు అతిధ్వనుల పరిశోధనతో మొదలుపెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయనావరణ పరిశోధన నెలకొల్పారు. 1956 నాటికే అక్కడ మూడు గ్రాహకాలను దూరదూరంగా పెట్టి, ఒకే ప్రతిధ్వని హెచ్చుతగ్గులు ఒకదాని తరవాత ఒకటిగా ఎప్పుడు అందుతున్నాయో చూసి, పైన వీచే గాలుల వేగం కొలిచేవారు. 1965లో ఆయనకు భట్నాగర్ బహుమతి వచ్చింది. తిరుపతి దగ్గర గాదంకిలో 1990లలో పనిచేయడం మొదలుపెట్టిన 53 మెగాహెర్ట్జ్ రాడార్ కూడా ఇదే వంశంలోది.

చివరగా పాత కాగితాల సంగతి. మిత్రా జీవితం మీద వివరమైన వ్యాసం 1964లో రాయల్ సొసైటీ స్మృతి సంపుటంలో వచ్చింది. రాసినది కేంబ్రిడ్జి రేడియో శాస్త్రజ్ఞుడు రాట్‌క్లిఫ్. ఉత్తరాలు, వ్యాసాలు చరిత్రకారులకు పనికివస్తాయి. భౌతికశాస్త్రజ్ఞులకు పనికివచ్చేవి వేరే ఉన్నాయి. గంటగంటకూ పొర ఎత్తు, గరిష్ఠ పౌనఃపున్యం రాసిన పట్టికలు, ఫిల్ము మీది ప్రతిధ్వని చిత్రాలు. ఇంగ్లండులోని స్లౌ స్టేషనులో ఇవి 1931 నుంచి ఉన్నాయి. మన కొడైకెనాల్, ఢిల్లీ, అహమ్మదాబాదు, కలకత్తా వంటి చోట్ల గత శతాబ్దపు మధ్యకాలం నుంచి పోగయ్యాయి. రేడియో సమాచారానికి పనికివస్తాయని తీసినవి. ఉపగ్రహాలు వచ్చాక వీటితో ఇక పని లేదనుకున్నారు.

1989లో రోబుల్, డికిన్సన్ అనే ఇద్దరు ఒక లెక్క చేశారు. బొగ్గుపులుసు వాయువు పెరిగితే కింద గాలి వేడెక్కుతుందని మీకు తెలుసు. బాగా పైన మాత్రం అదే వాయువు వేడిని అంతరిక్షంలోకి వదిలి గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి కుంచించుకుంటుంది. దాంతోపాటు అయనావరణమూ దిగాలి. ఆ వాయువు రెట్టింపయితే ఎఫ్2 పొర 15 నుంచి 20 కిలోమీటర్లు దిగుతుందని 1990లో రిష్‌బెత్ లెక్కగట్టాడు. దీన్ని పరీక్షించడం ఎలా? పదకొండేళ్ల సౌరచక్రంలోనే పొర పదుల కిలోమీటర్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఏడాదికి కొన్ని వందల మీటర్లయినా ఉండని దిగుడు ఆ ఊగులాటలోంచి బయటపడాలంటే మూడు నాలుగు చక్రాల రికార్డు కావాలి. కొత్త పరికరం ఎంత ఖరీదైనది కొన్నా 1957 నాటి ఎత్తును అది చెప్పలేదు. అటకలమీది పట్టికలు దులిపి మళ్లీ చదవవలసి వచ్చింది. ఫిన్లాండ్‌లోని సోడాంకిలా రికార్డుల్లో 1957 నుంచి పొర దిగుతూ వచ్చిందని 1997లో చూపారు. ఐరోపాలోని మరికొన్ని స్టేషన్ల కాగితాలు చదివితే కొన్నింట దిగినట్టు, కొన్నింట ఎదురుగా లేచినట్టు వచ్చింది. పరికరం మార్చినప్పుడు, చదివే మనిషి మారినప్పుడు అంకెల్లో దూరిన తేడాలను ముందు ఏరిపారేయాలి. ఆ ఏరివేతకు పట్టిక అంచున పెన్సిలుతో రాసిన తేదీ, పరికరం పేరు, ఎవరో పెట్టిన పొట్టి సంతకం కావలసి వస్తున్నాయి.